నిమ్మలకుంట తోలు దీపం: పది నెలల వాడకం తరువాత

మా ఇంటి వసారాలో, వేపచెట్టు కొమ్మలకు దగ్గరగా, ఒక మేకతోలు దీపం వేలాడుతోంది. పది నెలల కిందట నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే ఒక కుటుంబం దగ్గర చెప్పి చేయించుకున్నాము. అడుగున్నర ఎత్తు, చుట్టూ నాలుగు తోలు పలకలు, లోపల ఇనుప తీగ చట్రం. దీనికి మేము ఇచ్చిన వెల 2,800 రూపాయలు. బల్బు, హోల్డరు, వైరు మేమే అనంతపురంలో కొని బిగించుకున్నాము. కొత్తలోనే దీని గురించి రాయాలనిపించినా, తోలు వస్తువును ఒక ఎండాకాలం, ఒక వానాకాలం చూడకుండా మంచిచెడ్డలు చెప్పకూడదని ఇన్నాళ్లు ఆగాను.

నిమ్మలకుంట ధర్మవరం మండలంలోని పల్లె. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విడదీసినప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది కాని, అనంతపురం వాళ్లం ఇప్పటికీ దాన్ని మన ఊరనే అనుకుంటాము. ఈ ఊరి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చినప్పుడు మా వీధిలో చాలామందికి ఆ పేరు మొదటిసారి తెలిసింది. ఇంత దగ్గరలో ఉండి ఆ ఊరికి ఒక్కసారీ వెళ్లలేదే అన్న బాధ నాకు అప్పటి నుంచే ఉండేది.

అంతకుముందు ఒక ప్రదర్శనలో తోలు దీపమని చెప్పి అమ్మినదాన్ని కొని మోసపోయాను. అది బొమ్మలు అచ్చువేసిన ప్లాస్టిక్ రేకు. నాలాగా ఇంకొకరు మోసపోకూడదు కనుక నాకు తెలిసిన గుర్తులు చెబుతాను. నిజమైన తోలు అంతటా ఒకే మందంలో ఉండదు. వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే కొన్నిచోట్ల తేనె రంగుగా, కొన్నిచోట్ల గంజిలా పలుచగా కనిపిస్తుంది, నరాల జాడలు సన్నని గీతలుగా తెలుస్తాయి. ఉలితో కొట్టిన చిల్లులను వెనకవైపు వేలితో తడిమితే అంచులు కొద్దిగా పైకి లేచి గరుకుగా తగులుతాయి. అచ్చువేసినదానిలో చిల్లులన్నీ ఒకే కొలతలో ఉంటాయి. చేత్తో కొట్టినవి ఒక వరుసలోనే ఒకదాని కంటే ఇంకొకటి వెంట్రుకవాసి పక్కకు జరిగి ఉంటాయి. అలా జరిగి ఉండటమే నాకు ఎక్కువ ఇష్టం.

మేము వెళ్లినరోజు ఆ ఇంటి ముందు ఒక తోలు బిగించి ఆరబెట్టి ఉంది. మేకతోలును వేడినీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు, కొవ్వు గీకివేసి, నాలుగువైపులా లాగి కట్టి ఎండనిస్తారు. చెప్పుల తోలులాగా దీన్ని పదును చేయరు, ఎందుకంటే పదును చేసిన తోలు వెలుగును ఆపేస్తుంది. పచ్చితోలుగానే ఎండినప్పుడు మాత్రం అది నూనె కాగితంలా వెలుతురును పారనిస్తుంది. ఈ కళ అంతా ఆ ఒక్క గుణం మీదే నిలబడి ఉంది. తెల్లటి తెర వెనక దీపం, దీపానికీ తెరకూ నడుమ బొమ్మ: తోలులోంచి వచ్చే రంగులనూ, చిల్లుల్లోంచి వచ్చే వెలుగునూ తెరకు ఇవతల కూర్చున్నవాళ్లు చూస్తారు. రాముడి కిరీటంలో రత్నాలు, సీత మెడలో హారాలు రంగుతో వేసినవి కావు; ఆ మేరకు తోలును తీసివేసి, వెలుగునే నగగా పెట్టినవి.

అందుకే మా దీపం పగటిపూట చూసేవాళ్లకు పెద్దగా నచ్చదు. రంగులు మసకగా, తోలు కాస్త గోధుమరంగుగా, చిల్లులు వట్టి చుక్కల్లా ఉంటాయి. మా బంధువులు మధ్యాహ్నం వచ్చి చూసి, ఇంత డబ్బు దీనికా అని అడిగారు. సాయంత్రం ఆరున్నరకు స్విచ్చి వేశాక వాళ్లే కుర్చీలు వసారాలోకి తెచ్చుకున్నారు. కొనదలచినవారు దుకాణంలోనైనా, చేసేవారి ఇంట్లోనైనా, బల్బు వేయించి చూడనిదే నిర్ణయానికి రావద్దు. ఇది నా గట్టి సలహా.

మేము అక్కడ ఉన్న దీపాల్లోంచి ఒకటి తీసుకుని వచ్చేయవచ్చు. నెమళ్లు, ఏనుగులు, వేణువు పట్టుకున్న కృష్ణుడు, చిలుకలు వాలిన చెట్టు, అన్నీ తయారుగా ఉన్నాయి, అన్నీ బాగున్నాయి. కాని అది ఆషాఢమాసం. మా వేపచెట్టు నిండా పండ్లు, వాటికోసం పొద్దునే దిగే రామచిలుకలు, గోరువంకలు, వాటిని చూస్తూ మెట్టు మీద కదలకుండా కూర్చునే మా చారల పిల్లి మల్లి నా కళ్లలో మెదులుతున్నాయి. రోజూ చూసేదే అయినా, ఆ మూడూ కలిసి ఉండే అరగంట మా ఇంట్లో అన్నింటికంటే అందమైన సమయం. దాన్నే వేసి ఇవ్వగలరా అని అడిగాను.

ఆ ఇంటి పెద్దాయన చాలాసేపు ఆలోచించారు. "చెట్టు వేస్తాము, చిలకలు వేస్తాము. పిల్లి ఏ కథలో వస్తాదమ్మా? రామాయణంలో జింక ఉండాది, కోతి ఉండాది, గద్ద ఉండాది" అన్నారు. ఆయన అభ్యంతరం నాకు చాలా గౌరవనీయంగా తోచింది. ఈ బొమ్మలకు ఒక వంశం ఉంది. ఏ పాత్రకు ఏ రంగు, ఏ నగ, ఏ చూపు అన్నది తండ్రి నుంచి కొడుకుకు వచ్చిన లెక్క. అందులో లేని జీవిని ఎలా గీయాలన్నది ఆయనకు నిజమైన సమస్య. అప్పుడు మావారు, సుందరకాండలో హనుమంతుడు లంకలోకి వెళ్లేముందు తన దేహాన్ని పిల్లి అంతకు కుదించుకున్నాడని వాల్మీకి చెప్పిన సంగతి గుర్తుచేశారు. పెద్దాయన ముఖం విప్పారింది. "అట్లయితే వేయచ్చు" అని ఒప్పుకున్నారు.

వచ్చిన బొమ్మను ఎలా వర్ణించాలో తెలియడం లేదు. పోలిక కావాలనుకుంటే, అది మా మల్లి కాదు. దాని ఒళ్లు ఎరుపు, చారలు నలుపు. ముఖం పక్కకు తిరిగి ఉంటుంది కాని, కన్ను మాత్రం ఎదురుగా చూస్తున్నట్టు చేప ఆకారంలో పెద్దగా ఉంటుంది. మెడలో మూడు వరుసల చిల్లుల హారం, కాలికి కడియం. అయినా వెన్ను వంచి, తోకను పాదాల చుట్టూ చుట్టుకుని, పైనున్న చిలుక వైపు మెడ ఎత్తిన తీరు అచ్చంగా మా పిల్లిదే. ఆయన మల్లిని చూడలేదు, ఫోటో చూపిస్తానన్నా వద్దన్నారు. ఆయన చూసినవి ఆ ఊరి పిల్లులు. ఒక పిల్లిని సరిగా చూసినవాడు అన్ని పిల్లులనూ చూసినట్టేనని ఆ బొమ్మ నాకు చెప్పింది.

మార్గశిరంలో లేపాక్షి వెళ్లినప్పుడు ఆ కన్ను నాకు మళ్లీ కనిపించింది. విజయనగర కాలంలో, 16వ శతాబ్దంలో వేసిన వీరభద్రస్వామి ఆలయపు పైకప్పు చిత్రాల్లోనూ చాలా ముఖాలు పక్కకు తిరిగి ఉంటాయి, కన్ను మాత్రం నిండుగా ఉంటుంది. చీరల అంచులు, నగల వరుసలు కూడా తోలుబొమ్మల నగలకు దగ్గరి చుట్టాల్లా ఉంటాయి. కిరాతార్జునీయంలోని అడవిపంది కూడా ఆ పైకప్పు మీద ఉంది. ఎన్నోసార్లు ఆ గుడికి వెళ్లి పెద్ద నంది దగ్గరా, వేలాడే స్తంభం దగ్గరా ఆగి వచ్చేసినదాన్ని, మొదటిసారి మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూశాను. దానికి కారణం వసారాలోని ఈ దీపమే. వస్తువు వెలలో ఇది లెక్కలోకి రాకపోవచ్చు, నాకు మాత్రం వచ్చింది.

ఇక లోపాలు. మూడు వారాల్లో ఇస్తామన్నది అయిదు వారాలు పట్టింది. ఎప్పుడు వస్తుందో మేమే ఫోను చేసి కనుక్కోవలసి వచ్చింది. పలకలను చట్రానికి కుట్టిన చోట ఒక మూల దారం వదులుగా ఉండి, వేలెడంత సందు పడింది. రాత్రి ఆ సందులోంచి వెలుగు నేరుగా కంట్లో పడేది. చెబితే, తీసుకురండి, కుట్టి ఇస్తామన్నారు, అన్నమాట ప్రకారం అక్కడికక్కడే కుట్టి ఇచ్చారు, డబ్బు తీసుకోలేదు. కాని రానూపోనూ ఒక పూట గడిచింది. ఎలా చూసుకోవాలో ఒక చీటీ మీదైనా రాసి ఇవ్వకపోవడం అంతకంటే పెద్ద లోపం. ఆ చీటీ ఉండి ఉంటే మేము ఈ కింది పొరపాటు చేసేవాళ్లం కాదు.

సెప్టెంబరులో ఒక రాత్రి గాలివాన వచ్చి జల్లు వసారాలోకి కొట్టింది. మాది ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే ప్రాంతం కనుక, వానను లెక్కలోకి తీసుకోవాలని మాకు తోచనే లేదు. పొద్దున చూస్తే ఒక పలక మెత్తబడి లోపలికి కుంగింది, వేపాకుల పచ్చరంగు కారి చిలుక కాలి దాకా వచ్చింది. పచ్చితోలు తేమను పీల్చుకుంటుంది. దీనికి వాడేవి నీళ్లలో కలిపే రంగులు. నీడలో రెండు రోజులు ఆరబెట్టాక తోలు మళ్లీ బిగిసింది కాని, ఆ పచ్చటి మరక ఉండిపోయింది. ఇప్పుడు చూరు కింద మూడు అడుగులు లోపలికి మార్చాము. దుమ్మును పొడి కుంచెతో మాత్రమే దులపాలి. తడిగుడ్డ పెట్టకూడదు.

బల్బు విషయం కూడా చెప్పాలి. మొదట ఇంట్లో ఉన్న 6500 కెల్విన్ల తెల్ల ఎల్ఈడీ బల్బును పెట్టాము. ఎరుపు గులాబీలా వెలిసిపోయింది, పసుపు ఉన్నట్టే తెలియలేదు. 2700 కెల్విన్ల పసుపు వెలుగు బల్బుకు మార్చాక దీపం ప్రాణం పోసుకుంది. ఆ వెలుగు నూనెదీపపు వెలుగుకు దగ్గరగా ఉంటుంది. ఈ రంగులను నూనెదీపాలకు తగినట్టు కూర్చుకున్న చేతుల లెక్క ఇప్పటికీ మారలేదని నాకనిపిస్తుంది. 5 వాట్లు చాలు. పాతకాలపు 60 వాట్ల బల్బు పెట్టవద్దు; దాని వేడికి తోలు ఇంకా ఎండి ముడుచుకుపోతుంది, కుట్లు తెగుతాయి.

ఇంట్లో జంతువులను పెంచుకునేవారికి ఇంకొక మాట. అడ్వాన్సు తీసుకునేముందే ఆ పెద్దాయన, "ఇంట్లో కుక్క ఉందామ్మా? ఉంటే కింద పెట్టాకండి. తోలు గదా, దానికి వాసన తెలిసిపోతాది" అన్నారు. మాకు ఒక నాటుకుక్క ఉంది, దాని పేరు వీరడు. మేము అనుకున్నది బల్ల మీద పెట్టే దీపం. ఆ మాట విన్నాకే వేలాడదీసేదిగా మార్పించుకున్నాము. మొదటి వారం దీపం నుంచి సన్నని పచ్చితోలు వాసన వచ్చింది. మనుషులకు దగ్గరికి వెళితేనే తెలిసేది, వీరడు మాత్రం దాని కిందే పడుకుని మెడ ఎత్తి చూస్తూ రెండు పూటలు అన్నం కూడా ముట్టలేదు. పది రోజులకు వాసన పోయింది, కింద పడుకునే అలవాటు మాత్రం మిగిలింది. మల్లి తన బొమ్మను ఒక్కసారి కూడా పట్టించుకోలేదు కాని, దీపం వెలిగాక వసారా గోడ మీద పడే చుక్కల వెలుగు గాలికి కదిలినప్పుడు కాలు చాచి అందుకోబోతుంది. పురుగులు ఆ వెలుగుకు వస్తాయి, వాటికోసం రెండు బల్లులు వస్తాయి. తెర మీద ఆట ఆడినట్టే అవి తోలు మీద నీడలై పరుగెత్తుతాయి.

ఆడే బొమ్మలను చేసే చేతులు దీపాలు చేయవలసి రావడం మంచిదేనా అని నన్ను అడిగినవారు ఉన్నారు. నాకూ ఆ బాధ ఉంది. మా అమ్మమ్మ చిన్నప్పుడు ఊరి బయట రాత్రంతా ఆట సాగేదనీ, నవ్వించే బొమ్మలు జుట్టు పోలిగాడు, బంగారక్క వచ్చి తిట్టుకుంటుంటే నవ్వలేక పొట్ట పట్టుకునేవారనీ చెప్పేది. దీపానికి పాట లేదు, మాట లేదు. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లో భౌగోళిక గుర్తింపు వచ్చినా, ఆట ఆడించేవారు ఊళ్లలో అరుదైపోయారు. కాని ఆ ఇంట్లో పదిహేనేళ్ల మనవరాలు చెక్కదిమ్మె మీద తోలు పెట్టి, చిన్న సుత్తితో చిల్లు తరువాత చిల్లు కొడుతుంటే చూశాను. ఆ పిల్ల చేతికి ఉలి అందింది దీపాలు అమ్ముడుపోతున్నందుకే. ఆట పిలుపు వచ్చినరోజు బొమ్మ చేయడానికి ఆ చేయి ఉంటుంది. అందువల్ల బేరం ఆడకుండా కొన్నాను, అందుకు నాకు విచారం లేదు.

అనంతపురం నుంచి వెళ్లదలచినవారు ధర్మవరం దాకా బస్సులో వెళ్లి, అక్కడి నుంచి ఆటో మాట్లాడుకోవచ్చు. పొద్దునే వెళితే తోలు గీకడం నుంచి రంగులు వేయడం దాకా పని చూడవచ్చు. మీ వసారాకు వాన జల్లు కొట్టేలా ఉంటే ఇంటి లోపల పెట్టుకోండి. మీకు నచ్చిన చెట్టో, పిట్టో, పెంచుకున్న జీవమో వేయించుకోవాలనుంటే రెండు నెలలు ముందుగా చెప్పండి, పోలికను మాత్రం వాళ్లకే వదిలేయండి.

పోయిన వారం రెండో దీపానికి అడ్వాన్సు ఇచ్చి వచ్చాము. ఈసారి వీరడి బొమ్మ. కుక్క ఏ కథలో వస్తుందని పెద్దాయన అడగలేదు. ధర్మరాజు వెంట చివరిదాకా నడిచింది కదమ్మా అని ఆయనే అని, బొగ్గుముక్కతో గచ్చు మీద తోక గీయడం మొదలుపెట్టారు.