రేడియేషన్‌తో పాటు హార్మోన్ ఇంజెక్షన్ కావాలా? సెకండ్ ఒపీనియన్‌కి వెళ్లొచ్చాం

నాన్నకి ప్రోస్టేట్ క్యాన్సర్. వయసు 71, పీఎస్ఏ (రక్తపరీక్షలో చూసే ప్రోస్టేట్ ప్రోటీను) 13, గ్లీసన్ (క్యాన్సర్ ఎంత మొండిదో బయాప్సీ చూసి ఇచ్చే స్కోరు) 4+3, స్కాన్‌లో బయటికి పాకినట్టు లేదు. మొదట చూపించిన చోట రేడియేషన్, దాంతో పాటు ఆర్నెల్లు హార్మోన్ ఇంజెక్షన్ (ఈ క్యాన్సర్‌ని పెంచే మగ హార్మోన్‌ని అణిచేది) రాశారు. ఎందుకండీ అంటే "ప్రోటోకాల్" అన్నారు, అంతే. షుగరుండి, గుండెకి స్టెంటు పడ్డ మనిషికి ఆ ఒక్క మాట ఎలా సరిపోతుంది? అందుకే హైదరాబాద్‌లోనే ఇంకో ఆసుపత్రిలో రేడియేషన్ డాక్టరుకి చూపించాం.

ఫీజు ఎక్కువే, కానీ దండగ కాలేదు. డాక్టరు గారు ఫైలంతా తిరగేసి, గ్లీసన్ 3+4 ఉండి పీఎస్ఏ 10 లోపుంటే చాలామందికి రేడియేషన్ ఒక్కటే చాలంటామని, నాన్నది మధ్యస్థ రిస్కులోనే కాస్త మొండి రకమని, అదే హై రిస్కయితే ఏడాదిన్నర నుంచి మూడేళ్లదాకా ఇంజెక్షన్లు పడేవని విడమరిచి చెప్పారు. 2011లో వచ్చిన అమెరికా స్టడీ లెక్క కాగితం మీద వేసి చూపించారు. మధ్యస్థ రిస్కు వాళ్లలో పదేళ్లలో ఈ జబ్బుతోనే పోయింది రేడియేషన్ మాత్రమే తీసుకుంటే నూటికి 10 మంది, 4 నెలల హార్మోన్ కలిపితే 3. వెంటనే ఆయనే "అప్పటి రేడియేషన్ డోసు ఇప్పటికన్నా తక్కువండీ, కాబట్టి మీకు లాభం అంత ఉండకపోవచ్చు" అన్నారు. అక్కడ కుదిరింది నాకు గురి.

సైడ్ ఎఫెక్టులూ దాచలేదు. ఒంట్లోంచి ఆవిర్లు, నీరసం, కండ తగ్గి పొట్ట రావడం, షుగరు పెరగడం, ఎముకలు పలచబడటం. కోరిక సంగతి చెప్పేముందు మాత్రం "అమ్మాయిని బయట కూర్చోమనమంటారా?" అని నాన్ననే అడిగారు. ఆర్నెల్ల కోర్సంటే ఆర్నెల్లతో తీరిపోదట, ఈ వయసులో హార్మోన్ మళ్లీ పుంజుకోవడానికి ఇంకొన్ని నెలలు పడుతుంది, కొందరికి పూర్తిగా రాదు కూడా. ఈ ముక్క మొదటి చోట ఎవరూ చెప్పలేదు. నాన్న అంతా విని "మీసం పోతుందా డాక్టరు గారూ?" అన్నారు. ఆయన నవ్వి, మీసానికేం ఢోకా లేదు, ఒంటిమీద వెంట్రుకలు కాస్త తగ్గొచ్చు అన్నారు.

చివరికి కార్డియాలజిస్టు సరేనంటేనే, ముందు డెక్సా స్కాన్ (ఎముకల గట్టిదనం చూసేది) తీయించాకే మొదలుపెడదామన్నారు. నాన్న కూడా ఒప్పుకున్నారు, ఆయన ఒళ్లు, ఆయనిష్టం.

ఇక తిట్టాల్సినవి: పదకొండు అపాయింట్‌మెంటని పిలిచి భోజనాల వేళదాకా కూర్చోబెట్టారు, బిల్లింగ్ కౌంటర్లో అడక్కుండానే ఏదో డైట్ ప్యాకేజీ అంటగట్టబోయారు. డాక్టరుకి అయిదు స్టార్లు, కౌంటరుకి రెండు. వెళ్లేవాళ్లు రిపోర్టులతో పాటు బయాప్సీ స్లైడ్లు, బ్లాకులు (మైనంలో దాచిన బయాప్సీ ముక్కలు) పాత ఆసుపత్రి నుంచి ముందే తెచ్చుకోండి. గ్లీసన్ ఇక్కడ మళ్లీ చూస్తారు, అవి లేకపోతే ఇంకోసారి తిరగాల్సొస్తుంది.