ఎనిమిదేళ్లుగా మెడలో వేలాడుతున్న జీపీఎస్ డబ్బా

నా జీపీఎస్ అంచు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ ఇప్పటికి మూడుసార్లు ఊడింది. మూడుసార్లూ పంక్చర్ కొట్టులో సొల్యూషన్ అడిగి పూసి అతికించాను. తెర మీద ఒక మూల నుంచి ఇంకో మూలకు గీత ఉంది. అయినా మొన్న కూడా దాన్నే మెడలో వేసుకుని గుమ్మ వైపు కొండెక్కాను. 2016లో సెకండ్‌హ్యాండ్‌లో కొని ఎనిమిదేళ్లు దాటింది. మోడల్ పేరు రాయడం లేదు. అది ఇప్పుడు కొత్తది దొరకదు. పైగా నేను చెప్పేవి చాలావరకు ఈ రకం చేతి జీపీఎస్‌లన్నిటికీ వర్తిస్తాయి.

మాది పర్లాకిమిడి. 1936లో ఒడిశాలో కలిసినా మా వీధిలో ఇప్పటికీ తెలుగే వినిపిస్తుంది. కొండ మీది ఊటల నీళ్లను పైపుల్లో ఊళ్లకు దించే పథకాలకు నేను సర్వే చేస్తాను. మోటారు ఉండదు, కరెంటు ఉండదు, నీళ్లు వాటంతట అవే పల్లానికి రావాలి. అందుకని ఊట ఎక్కడుంది, ఎంత ఎత్తులో ఉంది, ఊరికెంత దూరం, మధ్యలో గెడ్డలు, అంటే కొండవాగులు, ఎన్ని దాటాలి, ఇవన్నీ రాసుకురావాలి. నడకే పని. రోజుకి పది, పన్నెండు కిలోమీటర్లు, అదీ ఎక్కుడూ దిగుడూ.

ఈ డబ్బాలో రెండు పెన్సిల్ సెల్స్ పడతాయి. 2,000 పాయింట్లు, అంటే గుర్తు పెట్టుకున్న చోట్లు, దాచుకోవచ్చు. అమెరికా జీపీఎస్‌తో పాటు రష్యా గ్లోనాస్ ఉపగ్రహాలను కూడా పట్టుకుంటుంది. దిక్సూచి లేదు, గాలి పీడనంతో ఎత్తు కొలిచే బారోమీటర్ లేదు. ఈ రెండూ లేకపోవడం కొన్నప్పుడు పెద్ద విషయం అనిపించలేదు.

ముందు పాయింట్ల సంగతి. డబ్బా మీది చిన్న స్టిక్ (అటూ ఇటూ కదిలే మీట) నొక్కి పట్టుకుంటే పాయింట్ పడుతుంది. దానంతట అదే 001, 002 అని పేరు పెట్టేస్తుంది. మొదటి రెండు నెలలు అలాగే వదిలేశాను. ఒకరోజు ఆఫీసులో కూర్చుని ఫైల్ తెరిస్తే 214 పాయింట్లున్నాయి. 087 అనేది ఊటా, లేక నేను టీ తాగడానికి ఆగిన చోటా? నోట్‌బుక్ చూద్దామంటే వానకు తడిసి పేజీలు అంటుకుపోయాయి. రెండు ఊళ్లకు మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. ఇది చాలదన్నట్టు, జేబులో ఉన్నప్పుడు స్టిక్ నొక్కుకుపోయి పడిన పాయింట్లు వేరే. పాతపట్నం నుంచి ఇంటికొచ్చే ఆ కాస్త దూరంలోనే బస్సులో ఒకసారి తొమ్మిది పడ్డాయి. అప్పుడే జేబు మానేసి మెడలో వేలాడదీయడం మొదలుపెట్టాను.

ఇప్పుడు నా పద్ధతి వేరు. మొదటి అక్షరం రకాన్ని చెబుతుంది. యు అంటే ఊట, ఎం అంటే మలుపు, జి అంటే గెడ్డ దాటే చోటు, టి అంటే ట్యాంకు కట్టాల్సిన చోటు. తర్వాత ఊరి పేరులో మూడు అక్షరాలు, చివర అంకె. రకాన్ని ముందు పెడితే జాబితాలో ఊటలన్నీ ఒకచోటికి, మలుపులన్నీ ఒకచోటికి వస్తాయి. డబ్బాకి తెలుగు రాదు, ఒడియా రాదు, ఇంగ్లీషు అక్షరాలనే స్టిక్‌తో ఒక్కొక్కటిగా ఏరుకోవాలి. ఒక పేరు పెట్టేసరికి నిమిషం పడుతుంది. ఆ నిమిషం అక్కడే, ఊట పక్కనే నిలబడి ఖర్చు పెట్టాలి. సాయంత్రం పెడదాంలే అనుకుంటే ఆ పేరు ఇక పెట్టరు.

అసలు చిక్కు ఊరి పేర్లతో వస్తుంది. మా ఊరినే చూడండి, తెలుగులో ఒకలా, ఒడియాలో ఒకలా, పాత ఇంగ్లీషు కాగితాల్లో ఇంకోలా. సవర గిరిజనుల ఊళ్లయితే ఊళ్లోవాళ్లు పిలిచే పేరొకటి, రెవెన్యూ రికార్డులో పేరొకటి, బడి గోడ మీద పేరొకటి. ఒకసారి ఒకే ఊట రెండు పేర్లతో రెండుసార్లు పడి, మా రిపోర్టులో రెండు ఊటలుగా లెక్కకొచ్చింది. గిడుగు రామమూర్తి గారు ఇదే పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని నిఘంటువే తయారుచేశారు. అంత ఓపిక నాకు లేదు కానీ, ఊరివాళ్లు పలికినట్టు పేరులో రాస్తాను, రికార్డు పేరు పాయింట్ కింద నోట్‌లో పెడతాను.

ఇక దారి చూపించే సంగతి. కొత్తగా కొన్నవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పాయింట్‌ని ఎంచుకుని 'గో' అంటే బాణం వస్తుంది, ఎన్ని మీటర్లో వస్తుంది. ఆ బాణం దారి చూపించదు. కాకి ఎగిరే గీత చూపిస్తుంది.

2018 జూలైలో ఒకరోజు కొండంతా మంచు కమ్మేసి ఉంది. అంతకుముందు వేసవిలో కొట్టిన ఊట పాయింట్‌కి 140 మీటర్లే అని చూపిస్తోంది. నాతో వచ్చిన సవర తాత పోడు చేను గట్టు మీద కూర్చుని చుట్ట వెలిగించుకున్నాడు.

"ఏటంతంది బాబూ నీ డబ్బా?"

"ఎదురుగా నూట నలభై మీటర్లు అంటోంది తాతా."

"అలగయితే నువ్వు అలగే ఎల్లు. నాను ఇటు తిరిగొస్తాను."

వెటకారం అని నాకు అర్థం కాలేదు. తుప్పలు తప్పించుకుంటూ ముందుకెళ్తే, నాలుగు తుప్పల అవతల నేలే లేదు. కింద ఎక్కడో గెడ్డ హోరు. వెనక్కి వచ్చి చూస్తే తాత కదల్లేదు, చుట్ట సగమే అయింది. ఆయన వెంట కొండను చుట్టి, జీలుగు చెట్ల మీదుగా దిగి, గెడ్డ దాటి ఊట చేరేసరికి గంటంపావు పట్టింది. దారిలో ఒకచోట 600 మీటర్ల దూరానికి కూడా పోయాం. గమ్యానికి దగ్గర కావాలంటే దూరం పెరగనివ్వాలని ఆ డబ్బాకి తెలియదు.

అప్పటి నుంచి ఊట కంటే మలుపులకే ఎక్కువ పాయింట్లు కొడుతున్నాను. దారి చీలే చింతచెట్టు దగ్గర ఒకటి, గెడ్డ దాటే బండల దగ్గర ఒకటి, జీడితోట అంచున ఒకటి. వాటిని వరసగా కలిపి రూటు చేసుకుంటే, బాణం ఎప్పుడూ తర్వాతి మలుపునే చూపిస్తుంది, అది కంటికి కనిపించే దూరంలోనే ఉంటుంది. రూటు చేసే ఓపిక లేని రోజు ట్రాక్ రికార్డింగ్ ఆన్ చేసి వదిలేస్తాను. తిరిగొచ్చేటప్పుడు వచ్చిన గీత మీదే వెనక్కి నడిపిస్తుంది. నిజం చెప్పాలంటే చీకటి పడ్డాక నన్ను ఇంటికి చేర్చింది ఎక్కువసార్లు ఈ ట్రాకే.

ఇంకో సంగతి. దిక్సూచి లేని రిసీవర్‌కి మనం నడుస్తుంటేనే దిక్కు తెలుస్తుంది. నిలబడి చూస్తే బాణం గానుగెద్దులా తిరుగుతుంది. పది అడుగులు నడిచి అప్పుడు చూడాలి. ఇది తెలియక మొదట్లో డబ్బా పాడైందనుకుని టెన్షన్ పడ్డాను.

అంకెలతో పడిన పాట్లు ఇంకా ఉన్నాయి. డబ్బా మామూలుగా అక్షాంశ రేఖాంశాలను డిగ్రీలు, నిమిషాల్లో చూపిస్తుంది. 18 డిగ్రీల 54.300 నిమిషాలు అని ఉన్నదాన్ని మా కుర్రాడు ఫోన్‌లో ఎవరికో చెప్పాడు. అవతలివాళ్లు దాన్ని 18.543 అని రాసుకున్నారు. నిమిషాలను 60తో భాగించాలి కదా, అది నిజానికి 18.905 డిగ్రీలు. ఫలితం, కొండ మీది ఊట 40 కిలోమీటర్లు దక్షిణానికి జరిగి శ్రీకాకుళం జిల్లా వరి మడుల్లో తేలింది. ఇప్పుడు మా అందరి డబ్బాల్లోనూ దశాంశ డిగ్రీలే పెట్టించాను. సెట్టింగ్స్‌లో ఒక్క మార్పు.

మరి డిగ్రీలకు బదులు యూటీఎమ్ అనే గళ్ల పద్ధతి వాడొచ్చు కదా, మీటర్లలో వస్తుంది, లెక్క సులువు అంటారు. మా దగ్గర మాత్రం కాదు. యూటీఎమ్‌లో భూమిని 6 డిగ్రీల పట్టీలుగా కోస్తారు. 44వ పట్టీకీ 45వ పట్టీకీ మధ్య గీత సరిగ్గా 84 డిగ్రీల రేఖాంశం. ఆ గీత పర్లాకిమిడికి కాస్త పడమరగా పోతుంది. కాశీనగర్ అటుపక్క, మేము ఇటుపక్క. వంశధార ఒడ్డున కాశీనగర్‌లో తూర్పు విలువ (పట్టీలో ఎంత తూర్పుకి ఉన్నామో చెప్పే అంకె) 8 లక్షల మీటర్ల చుట్టూ ఉంటుంది. పర్లాకిమిడి వచ్చేసరికి 2 లక్షల కంటే తక్కువ. డబ్బా అంకె పక్కన 44 క్యూ, 45 క్యూ అని చూపిస్తూనే ఉంటుంది, దాన్ని ఎవరు రాసుకుంటారు? ఒకసారి పట్టీ నంబరు లేకుండా ఎక్సెల్‌లోకి ఎక్కించి, అన్నిటినీ 45 అనుకుని మ్యాప్ వేశాం. కాశీనగర్ వైపు ఊటలన్నీ బంగాళాఖాతం మధ్యలో తేలాయి. మీటింగ్‌లో ఒకాయన "మంచినీళ్లేనా?" అని అడిగాడు.

పాత టోపో షీట్లు (కొండలు, వాగుల ఎత్తుపల్లాలు చూపే మ్యాపులు) వాడేవాళ్లకు ఒక ముక్క. సర్వే ఆఫ్ ఇండియా పాత షీట్లు ఎవరెస్ట్ డేటమ్ (భూమి ఆకారానికి వాడే లెక్క) మీద వేసినవి, జీపీఎస్ లెక్క డబ్ల్యూజీఎస్ 84 మీద. రెండిటినీ అలాగే కలిపేస్తే మా ప్రాంతంలో 200 మీటర్లకు పైగా తేడా వస్తుంది. కొండల్లో 200 మీటర్లంటే ఇంకో లోయ.

ఎత్తు దగ్గర ఈ డబ్బాని నమ్మను. మహేంద్రగిరి ఎత్తు 1,501 మీటర్లు. శిఖరం మీద నా డబ్బా ఒకసారి 1,487 చూపించింది, మరోసారి 1,512. డబ్బాకి అందే ఉపగ్రహాలన్నీ మన నెత్తి మీద ఒకవైపే ఉంటాయి, భూమికి అవతల ఉన్నవి దానికి అందవు. అందుకే పక్కకి వచ్చే తప్పు కంటే నిలువు తప్పు మామూలుగా ఎక్కువ. షికారుకి వెళ్లేవాళ్లకి ఇది పట్టదు, నాకు పడుతుంది. ఒక ఊళ్లో ఊటకీ ట్యాంకు చోటుకీ 12 మీటర్ల తేడా చూపిస్తే పైపు లెక్క వేసేశాను. మేస్త్రి ఎందుకో అనుమానపడి, మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు పట్టుకొచ్చాడు. పారదర్శకమైన ట్యూబు నిండా నీళ్లు పోసి, ఆ కొస ఒకరు, ఈ కొస ఒకరు పట్టుకుని మెట్టుమెట్టుగా దిగుతూ కొలిచాం. పొద్దున మొదలెడితే మధ్యాహ్నం అయింది. తేలింది నాలుగు మీటర్లే. ట్యాంకుని ఇంకో చోటికి మార్చాం.

ఫోన్ యాప్‌లో ఎత్తు చూసి డబ్బాతో పోల్చి గొడవపడేవాళ్లకు కూడా ఒక మాట. కొన్ని యాప్‌లు సముద్ర మట్టం నుంచి కాకుండా లెక్కకోసం ఊహించిన దీర్ఘగోళం నుంచి కొలిచిన ఎత్తు చూపిస్తాయి. మన వైపు ఆ రెండిటికీ తేడా 60 మీటర్లకు పైనే. రెండిట్లో ఏదీ పాడవలేదు.

పక్కకి వచ్చే ఖచ్చితత్వం మాత్రం బాగుంటుంది. బయలు ప్రదేశంలో 3, 4 మీటర్లు అంటుంది, నా అనుభవంలో అది నిజమే. ఇరుకు లోయలో, దట్టమైన చెట్ల కింద, వానలో ఆకులు తడిసి ఉంటే 15, 20కి పోతుంది. ముఖ్యమైన ఊటలకు యావరేజింగ్ వాడతాను, అంటే ఒకే చోటుని ఒకటికి రెండుసార్లు కొలిచి సగటు తీయడం. వెళ్లేటప్పుడు ఒకసారి, గంటన్నర పైగా ఆగి తిరిగొచ్చేటప్పుడు ఇంకోసారి. ఈలోపు ఉపగ్రహాల అమరిక మారుతుంది కాబట్టి ఒకే తప్పు రెండుసార్లు పడదు.

సెల్స్: డబ్బా మీద 25 గంటలు అని రాసి ఉంది. మంచి రీఛార్జి సెల్స్‌తో నాకు 16, 17 వస్తాయి, రెండు రోజుల పని. సెట్టింగ్స్‌లో సెల్ రకం మార్చుకోకపోతే ఛార్జింగ్ గుర్తు అబద్ధం చెబుతుంది. వారపు సంతలో దొరికే చవక సెల్స్ అత్యవసరానికి మాత్రమే. నాలుగు గంటలకు చేతులెత్తేస్తాయి.

2019 ఏప్రిల్‌లో జీపీఎస్ తేదీ కోసం పెట్టుకునే వారాల లెక్క 1,024కి చేరి మళ్లీ సున్నా నుంచి మొదలైనప్పుడు మా సీనియర్ దగ్గరున్న పాత రిసీవర్ తేదీ 1999కి వెళ్లిపోయింది. చోటు సరిగ్గానే చూపించేది. ఆయన మాత్రం "నా వయసు ఇరవై ఏళ్లు తగ్గింది" అని దాన్ని ఇంకో ఏడాది వాడారు.

ఫోన్ ఉండగా ఇది ఎందుకు అంటే, చాలామందికి అక్కర్లేదు. సిగ్నల్ లేకపోయినా ఫోన్ జీపీఎస్ పనిచేస్తుంది, మ్యాప్ ముందే దించుకుంటే సరిపోతుంది. నా డబ్బాలో ఉన్న మ్యాప్‌లో మా కొండలకు రెండు మూడు గీతలకు మించి లేవు. ఆదివారం మహేంద్రగిరి ఎక్కి వచ్చేవాళ్లు డబ్బులు తగలేయకండి. కానీ ఆషాఢంలో తడిసిన వేళ్లతో ఫోన్ తెర నొక్కి చూడండి, అప్పుడు తెలుస్తుంది. నా డబ్బా రెండుసార్లు గెడ్డలో పడింది, ఒకసారి బండ మీద నుంచి దొర్లింది. తుడిచి మెడలో వేసుకున్నాను.

మళ్లీ కొంటే దిక్సూచి, బారోమీటర్ రెండూ ఉన్నదే కొంటాను. మెసేజ్‌లు పంపే శాటిలైట్ రకాల జోలికి మాత్రం పోను, మన దేశంలో వాటికి అనుమతి కావాలి. పాతది కొనేవాళ్లు తెర మీద గీతలు కాదు, స్టిక్ చూడండి. నాలుగు వైపులా పదేసి సార్లు నొక్కి చూడండి, ముందు అరిగేది అదే. నాది ఎడమకు రావడం మానేసి ఆరు నెలలైంది. పేరులో ఒక అక్షరం దాటిపోతే, కుడివైపు నుంచి వరస మొత్తం చుట్టి మళ్లీ దాని దగ్గరికి వస్తున్నాను.