బోటులో సెల్ఫ్ కొట్టకపోతే మల్టీమీటరు మేలా, టెస్ట్ బల్బు మేలా?

కీ తిప్పితే ‘టక్’మని ఒక్క చప్పుడు. సెల్ఫ్ తిరగదు. భైరవపాలెం దగ్గర, గౌతమి సముద్రంలో కలిసే చోట, పాటు తీస్తున్న వేళ ఆ చప్పుడు వింటే గుండె జారిపోతుంది. “అన్నా, బ్యాటరీ దిగిపోయింది” అన్నాడు మా కుర్రాడు. నేనూ అదే అనుకున్నాను. మోటారు మూత తీసి, తాడు చుట్టి, ఇద్దరం మార్చి మార్చి లాగితే ఆ 40 హార్స్‌పవర్ మోటారు ఎలాగో లేచింది. మర్నాడు కాకినాడ వెళ్లి కొత్త బ్యాటరీ తెచ్చాం. పది రోజులు బాగానే నడిచింది. పదకొండో రోజు మళ్లీ అదే ‘టక్’.

జబ్బు బ్యాటరీది కాదు, నెగటివ్ కేబుల్‌ది. లగ్గు (కేబుల్ కొసన బ్యాటరీకి బిగించే లోహపు ముక్క) దగ్గర నల్ల తొడుగు పైకి నిగనిగలాడుతూనే ఉంది. బ్లేడుతో కోసి చూస్తే లోపల రాగి పోగులు నల్లబడిపోయి, సందుల్లో పచ్చటి చిలుము పేరుకుంది. వేళ్ల మధ్య నలిపితే పొడిపొడిగా రాలింది. కొత్త బ్యాటరీ బిగించేటప్పుడు కేబుల్ కదిలి, ఆ మిగిలిన నాలుగు పోగులూ కాస్త ఒత్తుకున్నాయి. ఆ పది రోజులూ నడిచింది అందువల్లే.

అందుకే బ్యాటరీ మార్చే ముందు పరీక్ష చేయమని అడిగిన ప్రతివాళ్లకూ చెబుతున్నాను. దేనితో చేయాలన్న దగ్గరే మా రేవులో రెండు మాటలున్నాయి. పాతవాళ్లు బల్బు చాలంటారు, కుర్రాళ్లు మీటరు, అంటే వోల్టులూ ఓమ్‌లూ కొలిచే మల్టీమీటరు అంటారు.

బల్బు అంటే పెద్ద సామానేం కాదు. కారులో వాడే 12 వోల్టుల బల్బు, రెండు వైర్లు, ఒక క్లిప్పు. దాని బలమల్లా అది కరెంటు తాగడమే. 5 వాట్ల బల్బు సుమారు 0.4 ఆంపియర్లు లాగుతుంది. డిజిటల్ మీటరు దాదాపు ఏమీ లాగదు, దాని లోపలి నిరోధం 10 మెగాఓమ్‌ల దాకా ఉంటుంది. అందుకని వైరులో ఒక్క పోగు మిగిలినా మీటరు 12.6 చూపిస్తుంది. లైటు మాత్రం వెలగదు. బల్బు పెడితే అదే చోట మసకగా మినుకుమంటుంది, గుట్టు బయటపడుతుంది. ముందు లైటు, హారను, అడుగున నీళ్లు తోడే పంపు, ఇలాంటి వాటికి నా ఓటు బల్బుకే. మిట్టమధ్యాహ్నం ఎండలో మాత్రం చెయ్యి అడ్డం పెట్టుకుని చూడాలి.

సెల్ఫ్ దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. ఈ సైజు మోటారులో సెల్ఫ్ 100 ఆంపియర్లకు పైనే లాగుతుంది. కేబుల్లో 0.05 ఓమ్ నిరోధం చేరిందనుకోండి. 100 ఆంపియర్ల దగ్గర అది 5 వోల్టులు మింగేస్తుంది. అదే కేబుల్ మీద మన 0.4 ఆంపియర్ల బల్బు పెడితే పోయేది 0.02 వోల్టు. బల్బు ధగధగా వెలుగుతుంది, కేబుల్ బాగుందని మనం నమ్మేస్తాం. మీటరును ‘బీప్’ మీద (వైరు తెగిందో లేదో కూతతో చెప్పే చోట) పెట్టినా ఇదే మోసం. చిలుము పట్టిన కేబులైనా అది కూస్తుంది. ఓమ్‌ల మీద పెట్టి 0.05 కొలుద్దామన్నా కుదరదు, మీటరు వైర్ల నిరోధమే అంతకన్నా ఎక్కువ.

కాబట్టి మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, కరెంటు పారుతుండగానే కొలవాలి. ఒక పిన్ను బ్యాటరీ నెగటివ్ సీసపు దిమ్మ మీద (లగ్గు మీద కాదు), రెండోది మోటారు బాడీలో రంగు లేని లోహం మీద ఆనించి, పక్కవాళ్లను కీ తిప్పమనండి. 0.3 వోల్టు లోపు చూపిస్తే ఆ దారి బాగున్నట్టే. మాది 3.8 చూపించింది. తర్వాత పాజిటివ్ దిమ్మ నుంచి సెల్ఫ్ మీది లావు బోల్టు దాకా ఇలాగే చూడాలి, అక్కడ 0.5 దాటకూడదు. రెండూ బాగుండి, కీ తిప్పినప్పుడు బ్యాటరీ 9.6 కిందికి పడిపోతుంటే అప్పుడు బ్యాటరీని అనుమానించండి. సెల్ఫ్ పట్టేసినా ఇలాగే పడుతుంది, అదీ గుర్తుంచుకోవాలి. ఏ కరెంటూ పారకుండా ఉన్న బ్యాటరీ 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. మోటారు లేచి కాస్త రేజ్‌లో ఉన్నప్పుడు 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. 12.4 దగ్గరే నిలిచిపోతే ఛార్జింగ్ లేదు. ఇవేవీ బల్బు చెప్పలేదు.

ఏది పట్టుకునే ముందైనా కిల్ స్విచ్ (మోటారును ఆపేసే స్విచ్) తాడు క్లిప్పు, న్యూట్రల్, మోటారు మీది ఫ్యూజు చూసుకోండి. రెండు నిమిషాల పని.

బల్బుతో మూడు జాగ్రత్తలు. సూదిమొన ఉన్నదైతే వైరు తొడుగును గుచ్చకండి. ఆ చిల్లులోంచే ఉప్పునీరు దిగి చిలుము మొదలవుతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ మోటార్లలో సెన్సార్ వైర్ల మీద బల్బు అసలు పెట్టవద్దు. పెట్రోలు ఆవిరి బోటు అడుగున నిలుస్తుంది, క్లిప్పు తగిలించేటప్పుడు నిప్పురవ్వ లేవవచ్చు, కాబట్టి ముందు గాలి ఆడనివ్వండి. ఇక ఛార్జింగ్ ఉందో లేదో చూడ్డానికి మోటారు నడుస్తుండగా బ్యాటరీ కేబుల్ పీకే అలవాటు మా రేవులో ఇంకా ఉంది. దయచేసి మానేయండి, రెక్టిఫయర్ (మోటారు పుట్టించే కరెంటును బ్యాటరీకి పనికొచ్చే డీసీగా మార్చేది) కాలిపోతుంది.

బోటులో ఒక్కదానికే చోటుంటే మీటరే పెట్టుకోండి. నడిసముద్రంలో మనల్ని ఆపేది సెల్ఫ్, ఛార్జింగే గాని లైటు కాదు. రెంటికీ చోటుంటే బల్బు కూడా వేసుకోండి, దానికయ్యే ఖర్చు ఎంతని.

మేం తగరం పూత ఉన్న రాగి కేబుల్ వేసి, లగ్గు గట్టిగా నొక్కించి, లోపల జిగురున్న తొడుగు వేడిచేసి ఎక్కించాం. ఇప్పుడు కీ తిప్పితే 0.1 చూపిస్తోంది. పనికిరాదని పక్కన పెట్టిన పాత బ్యాటరీ రెండో బోటులో ఇప్పటికీ సెల్ఫ్ కొడుతోంది.