గరివిడి నల్లరాయి, కళింగపట్నం ఇసుక

గరివిడిలో రోడ్డు పక్క గుట్టలో దొరికిన రాయి అరచేతిలో పట్టేంతే ఉంది గానీ, ఎత్తితే చెయ్యి కిందికి లాగేసింది. బొగ్గులా నలుపు, మధ్యలో ఎర్రటి గింజలు. ఉల్కేమో అని గుండె కొట్టుకుంది. విజయనగరంలో రంగురాళ్లు అమ్మే ఒక షాపులో చూపిస్తే, ఉల్కేనని, రెండు వేలిస్తే సర్టిఫికెట్ ఇప్పిస్తానని అన్నాడు. ఒక్క పరీక్షా చేయకుండా అలా చెప్పడం నాకు చాలా బాధనిపించింది. దయచేసి ఎవరూ అలా డబ్బులివ్వకండి.

మర్నాడు మళ్లీ గరివిడి వెళ్లాను. విజయనగరం నుంచి చీపురుపల్లి వైపు వెళ్లే పాసింజరు రైలు ఎక్కితే స్టేషన్ ఊళ్లోనే. రైలే మేలు, బస్సులో కుదుపులు ఎక్కువ. టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన రాయిని బొటనవేలితో రుద్ది, నల్లబడిన వేలు నాకు చూపించాడు. “ఏటి బాబూ, ఉల్కనుకున్నావా? ఇది మాంగనీసు. గనిలో ఇవే మోసినాం.”

పక్క కిరాణా కొట్టు కాటా మీద తూస్తే 612 గ్రాములు. కాటా మీద నీళ్ల గిన్నె పెట్టి, బరువు సున్నా చేసి, రాయిని దారానికి కట్టి అడుగు తగలకుండా ముంచాం. రాయి పక్కకు నెట్టిన నీళ్ల బరువు 146 గ్రాములు చూపించింది. 612ని దాంతో భాగిస్తే దాదాపు 4.2, అంటే అంతే పరిమాణం నీళ్లకన్నా అన్ని రెట్లు బరువు. మామూలు గ్రానైట్ 2.7 దగ్గరే ఉంటుంది. టైల్ వెనక గరుకు వైపు గీస్తే నల్ల గీత పడింది. అయస్కాంతం అంటుకోలేదు. ఉల్కల్లో ఎక్కువ భాగానికి ఇనుము వల్ల అయస్కాంతం అంటుకుంటుంది. ఎర్ర గింజ మాత్రం గాజుపై గీత పెట్టింది, అది గార్నెట్ అనే గట్టి ఖనిజం.

ఈ ప్రాంతంలో మాంగనీసు తవ్వకం 1890ల తొలి ఏళ్లలోనే మొదలైంది. ఇక్కడి కోడూరు పేరు మీదే ఫెర్మర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఒక శిలకు ‘కోడురైట్’ అని పేరు పెట్టాడు. మాంగనీసు గార్నెట్, ఫెల్డ్‌స్పార్, అపటైట్ అనే ఖనిజాలు కలిసిన రాయి. మన ఊరి పేరు ప్రపంచ శిలాశాస్త్రంలో ఉందని తెలిసి ఒళ్లు పులకరించింది! నా రాయి అదేనని తేల్చాలంటే పలచగా కోసి మైక్రోస్కోపులో చూడాలి. మాంగనీసు, గార్నెట్ అన్నంత వరకూ నాకు ధీమా.

బస విషయానికొస్తే, విజయనగరం స్టేషన్ దగ్గర దిగిన లాడ్జిలో వేడినీళ్లు రెండు రోజులూ రాలేదు, అడిగితే విసుక్కున్నారు. గది శుభ్రంగానే ఉంది. ఆటో అతను మాత్రం బంగారం. గంటన్నర ఆగి, అనుకున్న డబ్బులే తీసుకున్నాడు.

తర్వాత శ్రీకాకుళంలో దిగి కళింగపట్నం వెళ్లాను. వంశధార సముద్రంలో కలిసే చోట, అల వెనక్కి వెళ్లగానే ఇసుకలో నల్లచారలు, పక్కనే గులాబి రంగు చారలు. నలుపులో ఎక్కువ ఇల్మెనైట్ (టైటానియం, ఇనుము ఉన్న ఖనిజం), గులాబి గార్నెట్. బరువైన గింజలు ఆగిపోతాయి, తేలికవి అల పట్టుకుపోతుంది. ఇందులో థోరియం అనే రేడియోధార్మిక మూలకం ఉన్న మోనజైట్ ఖనిజం కూడా ఉంటుంది కాబట్టి చూసి వదిలేయండి, సంచుల్లో నింపుకోకండి.

దారిలో శాలిహుండం బౌద్ధ స్తూపాలు తప్పకుండా చూడండి. మెట్లెక్కాలి, పొద్దున్నే వెళ్తే మంచిది. నీళ్ల సీసా మీదే తీసుకెళ్లండి, నాకు పైన ఒక్క కొట్టూ కనబడలేదు.