బండి మీద మ్యాప్: హ్యాండిల్‌కు ఫోనా, హెల్మెట్‌లో స్పీకరా?

బండికి మొబైల్ హోల్డర్ ఏది కొనాలని అడిగేవాళ్లు చాలామంది. నాలుగు పంజాలదా, స్ప్రింగుదా, లోహమా, ప్లాస్టిక్కా అని మొదలుపెడతారు. దానికి ముందే తేలాల్సిన సంగతి ఒకటుంది: దారి కంటికి కావాలా, చెవికి కావాలా?

దారి చూసుకోవడానికైతే చట్టం ఫోన్‌కు పూర్తిగా అడ్డు చెప్పదు. బండి నడుపుతూ ఫోన్ చేత్తో పట్టుకుని వాడితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 184 కింద మొదటిసారి 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా, లేదంటే జైలు. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే జరిమానా 10,000. అయితే 2020 అక్టోబరు 1 నుంచి కేంద్ర మోటారు వాహన నిబంధనలు ఒక వెసులుబాటు ఇచ్చాయి. దారి చూసుకోవడానికి మాత్రం, అదీ నడిపేవారి ధ్యాస చెదరకుండా, ఫోన్ వాడుకోవచ్చు. ధ్యాస చెదరకుండా అన్న ఆ షరతు దగ్గరే హోల్డర్‌కు, స్పీకర్‌కు తేడా వస్తుంది.

గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. తెరవైపు రెండు సెకన్లు చూస్తే 22 మీటర్లు. అదే 60లో అయితే 33 మీటర్లు. స్పీడోమీటర్ కూడా కిందికే చూస్తాం కదా అంటారు. ముల్లు ఎక్కడుందో ఒక్క చూపుకే తెలుస్తుంది, మ్యాప్‌ను మాత్రం చదవాలి. బాణం ఎటు తిరిగింది, మలుపు ఈ సందా తర్వాతి సందా, ఇంకెన్ని మీటర్లు అని లెక్క చూసుకోవాలి. మధ్యాహ్నం ఎండ తెర మీద పడితే ఇంకో సెకను. పైనుంచి వాట్సాప్ మెసేజ్ జారితే కన్ను దాని వెంటే పోతుంది. కారు గుంతలో పడితే కుదుపుతో సరిపోతుంది. బండి ముందు చక్రం అదే గుంతలో పడితే మనిషి కిందుంటాడు.

అందుకే నా మొగ్గు హెల్మెట్ స్పీకర్ వైపు. ఫోన్ జేబులో, కళ్లు రోడ్డు మీద.

హోల్డర్‌తో మిగతా చిక్కులు ఫోన్‌కు సంబంధించినవి. ఇంజన్ వణుకు హ్యాండిల్ గుండా నేరుగా కెమెరాకు చేరుతుంది. చిత్రం కదలకుండా ఆపే భాగం లెన్సును అయస్కాంతాలతో నిలబెట్టే సున్నితమైన ఏర్పాటు, అది దెబ్బతింటే ఫొటోలు మసకబారతాయి. శక్తివంతమైన మోటార్‌సైకిళ్లకు ఐఫోన్ బిగించవద్దని ఆపిల్ 2021లో చెప్పింది. స్కూటర్లకు బిగించేటట్టయితే వణుకు తగ్గించే డ్యాంపర్ ఉన్న హోల్డర్ వాడమంది. ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఆ రకం కెమెరా ఉంటే ఇదే జాగ్రత్త అవసరం. మే నెల ఎండలో అయితే మ్యాప్, ఫుల్ బ్రైట్‌నెస్, చార్జింగ్ మూడూ కలిసి ఫోన్‌ను కాల్చేస్తాయి. వేడి తట్టుకోలేక ఫోన్ తానే తెర వెలుగు తగ్గిస్తుంది, అంటే కనబడాల్సిన సమయానికే కనబడదు. వానలో చినుకులనే వేలి తాకిడి అనుకుని మ్యాప్ ఎటో జరిగిపోతుంది.

స్కూటర్‌కు హ్యాండిల్ గొట్టం బయటికి ఉండదు కాబట్టి హోల్డర్‌ను సైడ్ మిర్రర్ కాడకు బిగిస్తారు. ఆ బరువుకు మిర్రర్ మెల్లగా వదులై తిరిగిపోతుంది, వెనక వచ్చే లారీ కనబడదు. యమహా బండ్లవాళ్లకు ఒక మాట: కుడివైపు మిర్రర్ మర ఎదురు తిరుగుడుది, మామూలుగా తిప్పితే ఊడాల్సింది బిగుసుకుంటుంది.

ఇక హెల్మెట్ బ్లూటూత్. రెండు పలుచటి స్పీకర్లు, ఒక మైకు, బయట బటన్లున్న ఒక చిన్న డబ్బా. హెల్మెట్ లోపలి మెత్త తీస్తే చాలా ఫుల్‌ఫేస్ హెల్మెట్లలో చెవి దగ్గర గుంట కనిపిస్తుంది, స్పీకర్ అక్కడ కూర్చోవాలి. చెవి రంధ్రానికి సరిగ్గా ఎదురుగా ఉండాలి, కాస్త పక్కకు జరిగినా 60 దాటాక గాలి హోరులో ఏమీ వినబడదు. గుంట లేకపోతే లోపలి థర్మాకోల్ కోసి చోటు చేయొద్దు, తల దెబ్బను తీసుకునేది అదే. డబ్బాను ఎడమవైపు బిగించండి, కుడిచేయి యాక్సిలరేటర్ వదలకూడదు కదా.

బయలుదేరే ముందు చేయాల్సినవి కొన్నున్నాయి. గూగుల్ మ్యాప్స్‌లో టూవీలర్ గుర్తు ఎంచుకోవాలి. కారు గుర్తు మీద వదిలేస్తే హైదరాబాద్‌లో అది మిమ్మల్ని ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కమంటుంది, అక్కడ బైకులకు ప్రవేశం లేదు. నావిగేషన్ సెట్టింగుల్లో వాయిస్ తెలుగు పెట్టుకోవచ్చు, బ్లూటూత్ ద్వారా వాయిస్ వినిపించే స్విచ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. కొన్ని బ్లూటూత్ పరికరాలు కాసేపు శబ్దం లేకపోతే నిద్రలోకి పోతాయి. అప్పుడు మాటలో మొదటి ముక్క మింగేస్తాయి, "200 మీటర్లలో ఎడమకు" అన్నది "ఎడమకు"గా మిగులుతుంది. సన్నటి వాల్యూమ్‌లో పాట నడుస్తుంటే ఈ బాధ ఉండదు.

చెవి ఓడిపోయే చోటూ ఉంది: ఫ్లైఓవర్లు. పైరోడ్డు, కిందిరోడ్డు ఒకదాని మీద ఒకటి ఉంటే మనం దేని మీద ఉన్నామో ఫోన్‌కు సరిగా అంతుపట్టదు. "కొంచెం ఎడమకు" అంటే ఎక్కమనా, కిందినుంచి పొమ్మనా? హైదరాబాద్ బయోడైవర్సిటీ జంక్షన్ లాంటి రెండంతస్తుల చోట మరీ తికమక. 2024లో గూగుల్ మన దేశంలోని 40 నగరాలకు ఫ్లైఓవర్ సూచనలు తెచ్చాక కొంత నయం. అయినా అలాంటి జంక్షన్ దారిలో ఉంటే బయలుదేరే ముందే తెర మీద ఒకసారి దాన్ని పెద్దది చేసి చూసుకోండి. మలుపు తప్పితే పోనివ్వండి, మ్యాప్ వేరే దారి చెబుతుంది.

స్పీకర్‌తో అసలు ప్రమాదం ఫోన్ మాటలు. చేతులు ఖాళీగా ఉన్నాయని అరగంట మాట్లాడుకుంటూ పోతారు. హ్యాండ్స్‌ఫ్రీ ఫోన్ చేతిలో ఫోన్ కంటే పెద్దగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉంది. కొన్ని పరికరాలు కాల్ వస్తే వాటంతటవే ఎత్తేస్తాయి, ఆ సదుపాయం ముందే ఆపేయండి. ఫోన్‌లో డ్రైవింగ్ మోడ్ పెట్టి, హెల్మెట్ బ్లూటూత్ కలవగానే అది ఆన్ అయ్యేలా అమర్చుకుంటే మెసేజ్‌లు ఆగుతాయి, కొన్ని ఫోన్లలో కాల్స్ కూడా, దారి మాత్రం వినబడుతుంది.

ఒక చెవికి ఇయర్‌బడ్? తాత్కాలికంగా సరే, రెండు చెవులకూ నాయిస్ క్యాన్సిలేషన్‌తో మాత్రం వద్దు, హారన్ వినబడదు. హెల్మెట్‌కు చెంపకు మధ్య ఫోన్ ఇరికించడం గురించి మాట్లాడుకోనే అక్కర్లేదు. బండి డ్యాష్‌బోర్డు మీదే గూగుల్ మ్యాప్స్ వచ్చే ఏథర్ ఎలక్ట్రిక్ స్కూటర్ లాంటివి ఉంటే వేరే హోల్డర్ దండగ.

డెలివరీ చేసేవాళ్లకు హోల్డర్ తప్పదు, గంటకు ఎన్ని ఇళ్లు వెతకాలో వాళ్లకే తెలుసు. వినికిడి తక్కువ ఉన్నవాళ్లకూ అంతే. అలాంటివాళ్లు డ్యాంపర్ ఉన్నది తీసుకుని, హ్యాండిల్ మధ్యలో వీలైనంత ఎత్తున, మీటర్‌ను కప్పకుండా బిగించాలి. బరువు మోసే స్క్రూలను వారానికోసారి బిగించి చూసుకోవాలి. ఆర్డర్ మోగినా, అడ్రస్ మార్చాలన్నా బండిని రోడ్డు ఎడమ పక్కకు తీసి, స్టాండ్ వేసి, అప్పుడు తెరను ముట్టుకోవాలి.