బర్మింగ్‌హామ్ వార్డు చరిత్ర తవ్వేవారికి స్కాట్లాండ్ లైబ్రరీ మ్యాపులు

ఇంగ్లాండు నగరంలో ఒక వార్డు హద్దు ఎప్పుడు ఎటు జరిగిందో తేల్చుకోవాలంటే నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లాండ్ వారి మ్యాపుల సైటుతోనే మొదలుపెట్టాలి. పైసా ఖర్చు లేదు. బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వారి పాత షీటును ఇప్పటి మ్యాపు మీద పరిచి, స్లైడర్ జరిపితే పాత వీధి మెల్లగా తేలుతుంది.

మైలుకు ఆరంగుళాల స్కేలున్న షీటుతో సరిపెట్టుకోకండి, ఇరవై అయిదు అంగుళాలది తెరవండి. చుక్కల గీత పక్కన చిన్న అక్షరాలు కనిపిస్తాయి: సి.ఆర్. అంటే హద్దు రోడ్డు నడిమధ్యన, సి.ఎస్. అంటే వాగు మధ్యన, ఆర్.హెచ్. అంటే కంచె మొక్కల మొదళ్ల దగ్గర. ఏ ఇల్లు ఏ వార్డుదో తేల్చేది ఆ రెండక్షరాలే. ఎంత అందమైన పనితనమో!

చాలామంది పొరబడేది తేదీ దగ్గర. ముద్రణ సంవత్సరం కాదు, సవరణ సంవత్సరం చూడాలి. బాల్సాల్ హీత్ 1891లో, ఆస్టన్ మేనర్, హ్యాండ్స్‌వర్త్, యార్డ్‌లీ 1911లో బర్మింగ్‌హామ్ నగరంలో కలిశాయి. అంతకుముందు సవరించిన షీటులో అక్కడ బర్మింగ్‌హామ్ వార్డు కోసం వెతకడం వృథా.

లోటు ఒకటుంది, ఇటీవలి హద్దులకు ఇది పనికిరాదు. 2018లో 40 వార్డులు 69 అయ్యాయి, కౌన్సిలర్లు 120 నుంచి 101కి తగ్గారు. స్పార్క్‌బ్రుక్ పేరు బాల్సాల్ హీత్ ఈస్ట్‌తో జత కలిసింది. ఆ గీతలకు ఇంగ్లాండు స్థానిక సరిహద్దుల కమిషన్ నివేదికలోని మ్యాపులే గతి.