కెగ్ కొనాలా? ముందు గ్యాస్ సంగతి తేల్చుకోండి

ఇంట్లో బీరు కాచుకునే ఎవరికైనా ఎప్పుడో ఒకప్పుడు సీసాల మీద విసుగు పుడుతుంది. ఒక్క 19 లీటర్ల బ్యాచ్‌కి అర లీటరు సీసాలు 38 కావాలి. అన్నీ కడగాలి, శానిటైజ్ చేయాలి, చక్కెర కొలిచి కలపాలి, నింపాలి, మూతలు నొక్కాలి, ఆ తర్వాత రెండు వారాలు ఆగాలి. ఆ చాకిరీ తప్పించుకోవడానికే నేను కెగ్‌కి మారాను, అంటే బ్యాచ్ మొత్తం పట్టే స్టీలు డబ్బాకి. అందులో కార్బన్ డయాక్సైడ్ గ్యాసే బీరులోకి బుడగలెక్కించి, దాన్ని ట్యాప్‌లోంచి బయటికి తోస్తుంది. మారి కొన్నేళ్లయింది. ఇప్పుడు ఎవరైనా "కొనమంటావా?" అని అడిగితే బీరు సంగతి తర్వాత, ముందు గ్యాస్ సంగతి మాట్లాడదాం అంటాను.

నా దగ్గరున్నది చాలామంది దగ్గర ఉండేదే: ఇంతకుముందు ఎవరో వాడిన బాల్ లాక్ కార్నీ కెగ్ (గొట్టాలు నొక్కి తగిలించే రకం), 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ సిలిండర్, గ్యాస్ ఒత్తిడిని తగ్గించి కెగ్‌కి పంపే రెండు గేజుల రెగ్యులేటర్, ఒక పాత ఫ్రిజ్. కెగ్‌కి ఏ ఢోకా లేదు. కూల్‌డ్రింకుల సిరప్ మోయడానికి తయారైన స్టీలు డబ్బా అది, మొరటుగా వాడినా తట్టుకుంటుంది. నా కోపమంతా రెగ్యులేటర్‌కి సిలిండర్ వైపున ఉండే పెద్ద గేజు మీదే.

ఒకరోజు సాయంత్రం ట్యాప్ తిప్పితే బీరు సన్నటి ధారగా వచ్చి, గ్లాసు సగం నిండకముందే ఆగిపోయింది. ఫ్రిజ్ తలుపు తీసి చూస్తే పెద్ద గేజు ముల్లు సున్నా మీద ఉంది. గుండె గుభేలుమంది. ఒక కెగ్‌లోకి గ్యాస్ ఎక్కించి, ఆఖరి గ్లాసు దాకా వంచడానికి లెక్క ప్రకారం 150 గ్రాముల దరిదాపు చాలు. గాలి తరిమేయడానికి వాడేది కలుపుకున్నా 2.3 కిలోలు పది కెగ్‌లకి రావాలి. నాది మొదటి కెగ్ సగం కూడా కాలేదు. పైగా అంతకుముందు చూసినప్పుడు ముల్లు ఫ్రిజ్‌లో పెట్టిన కొత్తలో ఎక్కడుందో అక్కడే ఉంది.

ఆ గేజు తీరే అంత. సిలిండర్‌లో కార్బన్ డయాక్సైడ్ ద్రవంగా ఉంటుంది. ద్రవం ఒక్క చెంచాడు మిగిలినా పైనుండే గ్యాస్ ఒత్తిడి మారదు, అది వేడిని బట్టే ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర 830 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు, ఒత్తిడి కొలత) చూపిస్తుంది, అదే సిలిండర్‌ని 4 డిగ్రీల ఫ్రిజ్‌లో పెడితే 560 దగ్గరికి దిగుతుంది. నిండుగా ఉన్నా అంతే, ముప్పాతిక ఖాళీ అయినా అంతే. ఫ్రిజ్‌లో ఉన్న సిలిండర్ ముల్లు అక్కణ్ణుంచి కిందికి దిగడం మొదలైందంటే లోపల ఐదో వంతు కూడా లేదన్నమాట. ఎంత గ్యాస్ మిగిలిందో తెలియాలంటే సిలిండర్‌ని తూకం వేయాలి. ఖాళీ బరువు దాని మెడ దగ్గర చెక్కి ఉంటుంది, అది తీసేస్తే మిగిలిందే గ్యాస్. ఆ గేజు అద్దం మీద ఆకుపచ్చ, ఎరుపు పట్టీలు ఎందుకు గీస్తారో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మళ్లీ నింపించుకొచ్చి లీకు వెతకడం మొదలుపెట్టాను. అందరూ చెప్పేదే చేశాను: ఒత్తిడి 30 పీఎస్ఐకి పెంచి, సబ్బు నీళ్లు ప్రతి కీలు మీదా చల్లడం. పోస్టుల (కెగ్ పైన గొట్టాలు తగిలించే మొనలు) దగ్గర, డిస్కనెక్టు (గొట్టం చివర వాటికి తగిలే బిరడా) దగ్గర, గొట్టం బిగించిన క్లాంపు దగ్గర, రెగ్యులేటర్ నట్టు దగ్గర ఎక్కడా ఒక్క బుడగ లేదు. అయినా పోస్టుల ఓరింగులు (లీకు ఆపే రబ్బరు రింగులు) మార్చాను, పాపెట్లు (పోస్టుల లోపలి చిన్న వాల్వులు) విప్పి కడిగాను, క్లాంపులు కొత్తవి వేశాను. కొన్నాళ్లకి సిలిండర్ మళ్లీ ఖాళీ. ఒళ్లు మండిపోయింది. గ్యాస్ నింపించుకోవడం అనే పని మనం కాచే పనిలో భాగమే కాదు కదా, దాని కోసం ఒక పూట పోతుంది.

దొరికింది చివరికి వేరే దారిలో. కెగ్‌ని ఫ్రిజ్‌లోనే ఉంచి, రోజూ వాడే 10 పీఎస్ఐకి దించి, సిలిండర్ వాల్వు కట్టేసి వదిలేశాను. తెల్లారేసరికి కెగ్‌లో ఒత్తిడి చూపే చిన్న గేజు దిగిపోయింది. అప్పటికే పూర్తిగా గ్యాస్ ఎక్కిన బీరు కాబట్టి ఆ మాట నమ్మొచ్చు. ఇంకా ఎక్కుతున్న బీరైతే అదే గ్యాస్ పీల్చుకుని ముల్లుని దించుతుంది, లేని లీకుని ఉన్నట్టు చూపిస్తుంది. కెగ్‌లోకి మళ్లీ 10 దాకా గ్యాస్ వదిలి, మూత అంచు చుట్టూ చిక్కటి సబ్బు నురగని బ్రష్‌తో పూసి చూస్తూ కూర్చున్నాను. మూతని బిగించే లివర్ పక్కన, అండాకారపు అంచు మలుపు తిరిగేచోట, ఆవగింజంత బుడగ ఒకటి లేచింది. నెమ్మదిగా శనగగింజంత అయి పగిలింది. కాసేపటికి అక్కడే ఇంకొకటి.

మూత తీసి దాని ఓరింగ్ చూస్తే ఒకవైపు అణిగిపోయి, గోరు గుచ్చితే దిగనంత గట్టిపడి ఉంది. కెగ్ అమ్మినవాళ్లు రబ్బర్లన్నీ కొత్తవేనని చెప్పి ఇచ్చారు. పోస్టులవి కొత్తవేమో గానీ ఇది ఎన్నేళ్లదో. 30 పీఎస్ఐ దగ్గర గ్యాసే మూతని లోపల్నుంచి పైకి తోసి అదిమేస్తుంది, గట్టి రబ్బరు కూడా అతుక్కుంటుంది. 10 దగ్గర ఆ తోపు చాలదు, పైగా చలికి రబ్బరు ఇంకా బిర్రబిగుస్తుంది. ఎక్కువ ఒత్తిడిలో పరీక్షిస్తే లీకు దాక్కుంటుంది, మనం నిశ్చింతగా ఉన్నప్పుడు చాప కింద నీరులా సాగుతుంది. లావుపాటి మెత్తటి సిలికాన్ ఓరింగ్ తెచ్చి, ఫుడ్ గ్రేడ్ గ్రీజు పూసి, మూత పెట్టగానే ఒకసారి 30 ఇచ్చి అదిమి, తర్వాత 10కి దించాను. ఆ తర్వాత మూత దగ్గర బుడగ చూడలేదు. అంత చిన్న వస్తువు కోసం రెండు సిలిండర్ల గ్యాస్ గాల్లో కలిసింది.

ఇంతా జరిగాక కూడా కెగ్‌ని ఎందుకు అమ్మేయలేదంటే, హాప్స్ (బీరుకి చేదు, వాసన ఇచ్చే పూలు) దండిగా వేసిన బీరు వల్ల. సీసాల్లో పోసిన ఐపీఏ, అంటే అలాంటి బీరు, నెల తిరక్కుండానే రంగు ముదిరి, వాసన చప్పబడి, తడి అట్టపెట్టె రుచికి దిగేది. కెగ్‌ని శానిటైజర్ నీళ్లతో నింపి, ఆ నీళ్లని గ్యాస్‌తో బయటికి తోసేసి, ఫెర్మెంటర్ (బీరు పులిసే పాత్ర) నుంచి గొట్టంతో అడుగు నుంచి నింపితే బీరుకి గాలి దాదాపుగా తగలదు. అదే రెసిపీ, అదే ఈస్టు. రెండో నెలలో కూడా మొదటి వారం వాసన ఉంది. అది చూశాక మళ్లీ ఐపీఏ సీసాల్లో పోయబుద్ధి కాలేదు. ఇంకొకటి, రాత్రి ఒక పావు గ్లాసు తాగాలనిపిస్తే పావు గ్లాసే వంచుకోవచ్చు. సీసా తీస్తే పూర్తిగా అవగొట్టాల్సిందే.

చాకిరీ తప్పింది అన్నాను కదా, అది కొంతవరకే. 38 సీసాలు కడిగే పని పోయి, ట్యాప్, లైను (ట్యాప్‌కి బీరు తెచ్చే గొట్టం), పోస్టులు, డిప్ ట్యూబ్ (కెగ్ అడుగు నుంచి బీరు పైకి తెచ్చే గొట్టం) విప్పి కడిగే పని వచ్చింది. కెగ్ మారిన ప్రతిసారీ లైనులోంచి క్లీనర్ పంపాలి, లేకపోతే నాలుగో గ్లాసుకే పుల్లటి వాసన. నురగ విషయం పెద్దది కాదు, 4 డిగ్రీల దగ్గర 10–12 పీఎస్ఐ పెట్టి, సన్నటి లైనుని పొట్టిగా కత్తిరించకుండా మూడు మీటర్లు ఉంచితే సరిపోతుంది.

నాకు ఇది కుదిరిందంటే కొన్ని కలిసొచ్చాయి. నెలకో బ్యాచ్ కాస్తాను, ఇంట్లో రెండో ఫ్రిజ్‌కి చోటుంది, గ్యాస్ నింపేచోటు దగ్గర్లోనే ఉంది. ఏడాదికి రెండు మూడుసార్లు కాచేవాళ్లకి, కాచిందంతా పంచిపెట్టేవాళ్లకి, నెలల తరబడి మాగబెట్టే బలమైన ఏల్ బీర్లు ఇష్టపడేవాళ్లకి సీసాలే మేలని నా ఉద్దేశం. గది చిన్నదై, గాలి ఆడకపోతే సిలిండర్ అక్కడ పెట్టకండి. కార్బన్ డయాక్సైడ్ గాలికంటే బరువు, కింద పేరుకుంటుంది, వాసన ఉండదు. నాదంతా తలుపు తీసి ఉండే వరండాలో కాబట్టి పోయింది గ్యాసే.

కొనాలని నిర్ణయించుకుంటే మెరిసే ట్యాప్ తర్వాతైనా తెచ్చుకోవచ్చు, పిక్నిక్ ట్యాప్‌తో (గొట్టం చివర తగిలించే ప్లాస్టిక్ ట్యాప్) నెలలు గడుస్తాయి. ముందు మూత ఓరింగ్‌తో సహా రబ్బర్ల సెట్టు మొత్తం, సిలిండర్ బరువు ఆనే కాటా ఒకటి కొనండి. నేను రాత్రిపూట సిలిండర్ వాల్వు కట్టేస్తాను, ఆదివారం తూకం వేసి ఫ్రిజ్ తలుపు మీద రాసిపెడతాను. ఇలా చేయడం మా ఇంట్లో కొంతమందికి మరీ అతిగా కనిపిస్తోంది.